నస్వాయ్ పొట్లాలు

"టోపీ తియ్యరా!"

తలుపుకి అడ్డంగా నిలబడింది ఖోసియత్. నలభై ఏళ్ళ కొడుకు సుయూన్ దొంగనవ్వు నవ్వి టోపీ తీశాడు. మడతలోంచి నస్వాయ్ పొట్లం జారి గడప మీద పడింది. సున్నం కలిపిన పచ్చటి పొగాకు పొడి. చిటికెడు నాలుక కింద పెట్టుకుంటే చాలు, అతనికి లోకంతో పనిలేదు.

"నాలిక కింద తెల్లమచ్చ లేచిందని డాక్టరమ్మ చెప్పి ఇంకా వారం కాలేదు. మానితే పోవచ్చంది, మానకపోతే కేన్సర్ కావచ్చంది. చెవిన పడలేదా?"

"రేపట్నుంచి మానేస్తానమ్మా."

"మీ నాన్నా ఇదే రేపు చెప్పాడు. సగం దవడతో వెళ్ళిపోయాడు. ఒక్కణ్ణి సాగనంపాను, చాలు. నీ రోగం నాకు రానీరా నాయనా, నువ్వు మాత్రం మానెయ్."

పొట్లం ఆమె చేతిలోకి పోయింది. మర్నాడే సుయూన్ దాన్ని పిండి బస్తాలోంచి లాగాడు. తర్వాతిది తందూరు బూడిదలో దొరికింది. పెంటకుప్ప మీద పారేసినా ఏరుకొచ్చి, దులిపి, నాలుక కింద పెట్టుకున్నాడు.

"ఛీ! కోళ్ళు కూడా ముట్టలేదు కదరా దాన్ని!"

"కోళ్ళకేం తెలుసమ్మా దాని రుచి?"

ఆ తర్వాత ఏమైందో గాని, తల్లి లాక్కున్న పొట్లం మళ్ళీ కనబడితే ఒట్టు. పరుపులు విప్పాడు. కోళ్ళగూట్లో చెయ్యి పెట్టి పొడిపించుకున్నాడు. కొత్తవి కొన్నా జేబులోంచే మాయమయ్యేవి. ఆమె తిట్టడం కూడా మానేసింది. ఏమడిగినా తల ఊపి టీ పోసేది. చివరికి అతనికే విసుగొచ్చి, కొనడం మానుకున్నాడు.

ద్రాక్ష కోతలనాటికి తల్లిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మ లైటు వేసి, నోరంతా తడిమి చూసింది.

"మచ్చ పోయింది! అయినా అప్పుడప్పుడు వచ్చి చూపించుకో. ఎలా మానావయ్యా?"

"నేనెక్కడ మానానండీ! ఈవిడ మాన్పించింది. పొట్లాలు ఎక్కడ దాచేదో ఈరోజుకీ నాకు అంతుబట్టలేదు."

"భేష్, పెద్దమ్మా! ఆ చోటేదో నాకూ చెప్పండి. మిగతా తల్లులకి చెబుతాను."

కొడుకు లేచిన కుర్చీలో ఖోసియత్ సిగ్గుపడుతూ కూర్చుంది. నోరు తెరిచి, నాలుక పైకెత్తింది.