రాని సభ్యుడు

“వాడి పేరు చెప్పు బెవర్లీ. చెప్పేదాకా నేనిక్కణ్ణించి కదలను.”

ఆర్నీ హక్కల టౌన్ హాల్లో మైకు ముందు నిలబడి ఆ మాట అనేసరికి కౌన్సిల్ సభ్యులు నలుగురూ తలలు వంచుకున్నారు. అయిదో కుర్చీ ఖాళీగా ఉంది. మాట్లాడదలచుకున్నవాళ్ళకి మనిషికి మూడు నిమిషాలన్నది అక్కడి రివాజు. గుమాస్తా లాయిడ్ బల్ల మీది చిన్న గడియారం తిప్పబోయి, ఆర్నీ మొహం చూసి మానుకున్నాడు.

డెబ్భై రెండేళ్ళ ఆర్నీ ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు, సభలన్నా ఓట్లన్నా ఆయనకి మంట. కానీ భార్య సెల్మా పోయి అయిదు వారాలైంది. వంటింట్లో పడిపోయిన ఆమె చెయ్యి పట్టుకుని యాభై నిమిషాలు ఎదురుచూశాడు. అంబులెన్సు నలభై మైళ్ళ అవతలి ఊరినుంచి మంచులో రావాలి మరి. తమ ఊరు లార్చ్ ఫాల్స్‌కి ఒకప్పుడు సొంత అంబులెన్సు ఉండేది. దాన్ని ఉంచాలా వద్దా అని నవంబరులో ఓటింగ్ పెట్టారు. ఉంచుదామన్నవాళ్ళు ఇద్దరు, ఖర్చు భరించలేమన్నవాళ్ళు ఇద్దరు. సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. అయిదో సభ్యుడు రాలేదు.

“నువ్వు ఉంచుదామన్నావని తెలుసు. నీ మీద కోపం లేదు,” అన్నాడు ఆర్నీ. “వద్దన్న ఇద్దరూ కూడా నయమే, మొహం మీదే వద్దన్నారు. ఊళ్ళో ఏమైతే నాకేం అని ఇంట్లో కూర్చున్నాడే, వాడే నాక్కావలసింది.”

“కాస్త కాఫీ తాగి ఇంటికెళ్ళు ఆర్నీ,” అంది బెవర్లీ. కౌన్సిల్ అధ్యక్షురాలు కాకముందు ఆమె ముప్ఫై ఏళ్ళు బడిలో వంట చేసింది. సెల్మాకి ప్రాణస్నేహితురాలు. “పేరు తెలిస్తే సెల్మా తిరిగొస్తుందా?”

“రాదు. ఇంకొకడి పెళ్ళాం పోకుండా ఉంటుంది.” ఆర్నీ కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. “మూడుసార్లు రాని సభ్యుణ్ణి తీసెయ్యాలి. వాడి పేరు పోస్టాఫీసు తలుపు మీద అతికించాలి. ఇదీ నా అర్జీ. రెండు వారాలు ఇల్లిల్లూ తిరిగాను. అందరూ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, కేకు పెట్టారు. సంతకం మాత్రం ఒక్కరూ పెట్టలేదు. ఇంత పిరికి ఊళ్ళోనా నా బతుకంతా గడిచింది అని సిగ్గేసింది.”

వెనక బెంచీల మీద ఓ పదిమంది ఉన్నారు.

“చూశావా, దొంగకి తేలు కుట్టినట్టు ఎలా కూర్చున్నారో. అసలు వాడు ఆ కుర్చీలోకి ఎలా వచ్చాడు?”

బెవర్లీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఆ సీటుకి ఎవరూ నిలబడలేదు. ఓటు కాగితం మీద ఖాళీ గీత ఒకటి ఉంటుందిగా, అక్కడ తోచిన పేరు రాయచ్చు. పంతొమ్మిది మంది ఒకే పేరు రాశారు. మంచివాడనే రాశారు.”

“భలే మంచివాడు. మరి గెలిచావురా నాయనా అని చెప్పారా?”

“మూడు ఉత్తరాలు పంపాం. ఇంటికి కబురూ పెట్టాం.”

“రాకపోతే వేరేవాణ్ణి వెయ్యాల్సింది.”

“ఎవర్ని వెయ్యను? ఎవర్నడిగినా నాకెందుకొచ్చిన గొడవ అన్నారు. ఇవాళ కాకపోతే రేపు వస్తాడులే అని అలాగే ఉంచాం. మా తప్పే.”

“ఉత్తరాలట,” అని మూలిగాడు ఆర్నీ. “టౌన్ హాలు ఉత్తరం ఎవడు విప్పుతాడమ్మా? నేనైతే చింపకుండానే పొయ్యిలో పడేస్తాను. సెల్మా పోరేది, ఒక్కసారి హాలుకి వెళ్ళి రా అని. ఆ పేరెత్తితే కంచం ముందునుంచి లేచిపోయేవాణ్ణి.” మైకు కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. “వచ్చుండాల్సింది. ఆ రోజు నేనిక్కడికొచ్చి నాలుగు కేకలేసుంటే వాడు సిగ్గుపడైనా వచ్చేవాడేమో. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.”

బెవర్లీ ఏడుస్తోంది. తప్పు చేసినవాణ్ణి కాపాడటానికి ఇంత ఏడుపు దేనికో ఆర్నీకి అర్థం కాలేదు. లాయిడ్ ముందున్న లావుపాటి పుస్తకం మీద ఆయన చూపు పడింది.

“నవంబరు సభలో ఎవరేమన్నారో రాసిన మినిట్స్ అందులో ఉన్నాయా?”

“ఉన్నాయి,” అన్నాడు లాయిడ్ నెమ్మదిగా.

“చూడటానికి నాకు హక్కుందా లేదా?”

“ఉంది. కానీ వద్దు ఆర్నీ. ఈ ఒక్కటీ మా మాట విను.”

“హక్కుంటే ఇటివ్వు.”

లాయిడ్ బెవర్లీ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపేలోగా ఆర్నీ పుస్తకం లాక్కున్నాడు. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. కావలసిన చోటు దొరకగానే, పిరికివాళ్ళందరికీ వినపడాలని వెనక్కి తిరిగి, అక్షరం అక్షరం కింద వేలు పెట్టి, గొంతెత్తి చదివాడు.

“అంబులెన్సు ఉంచాలన్నవారు: బెవర్లీ ఓల్సన్, డెన్నిస్ మాకి. వద్దన్నవారు: కర్ట్ బ్రాంట్, జూన్ నీమి. గైర్హాజరు: ఆర్నీ హక్కల.”