ఒంటిగంట మీటింగు

నా చిగుళ్ల నుంచి రక్తం కారుతోందని రెండేళ్లుగా మొత్తుకున్నా చెవిన పెట్టని మా బట్టల ఫ్యాక్టరీ మేనేజరు, నిన్న తనంతట తానే ఎదురు వీధి పళ్ల ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు. ఈ రోజు పన్నెండింటికే వెళ్లాలట.

డాక్టరమ్మ నోరంతా చూసి నిట్టూర్చింది.

"పైపై క్లీనింగు చాలదమ్మా. మత్తిచ్చి, చిగురు కింద పంటి వేళ్లకి పట్టిన గారంతా గీకి తియ్యాలి. నొప్పి తెలీదు, గరగరమని చప్పుడు వినిపిస్తుందంతే. తర్వాత రెండు మూడు రోజులు చిగుళ్లు సలుపుతాయి. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది."

"మరి మాట?"

"మూడు గంటలదాకా ముద్దముద్దగా వస్తుంది. మామూలుగా ఒక్కోసారి ఒక్కో వైపే చేస్తాం. రెండు వైపులా ఇవాళే కానిచ్చెయ్యమని మీ మేనేజరుగారు ఒకటే ఫోన్లు."

ఒంటిగంటకి ఫ్యాక్టరీ గేటు దగ్గర మా పనివాళ్ల మీటింగు. మాట్లాడాల్సింది నేను. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

"రెండు వైపులా చేసెయ్యండి డాక్టరమ్మా. ఒక్క పన్ను కూడా వదలొద్దు" అని నోరు తెరిచాను.

సరిగ్గా ఒంటిగంటకి కిటికీలోంచి మైకులో ఓ ఆడగొంతు వినిపించింది. డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

"మాట్లాడాల్సింది నువ్వేనని విన్నానే! మరి ఆవిడెవరు?"

నోటినిండా దూది. సంచిలోంచి కాగితం తీసి ఆమె చేతికిచ్చాను. నిన్న చీటీ అందగానే రాసి, మిషను మిషనుకీ పంచిన నా ప్రసంగం అది.

మైకులోని గొంతుతోపాటే డాక్టరమ్మ కూడా పైకి చదివింది:

"ఈ వైద్యం ఆమె ఒక్కదానికే కాదు, మా రెండు వందల మందికీ కావాలి."