కడిగిన చేతులు

"చేతులెందుకు కడిగిస్తున్నారు బాబూ?"

గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నకే యజమానికి ఒళ్ళు మండింది.

ఆ రోజు కాపలా కంపెనీలో కొత్త తుపాకుల పరీక్ష. వ్యానుల్లో బ్యాంకుల డబ్బు చేరవేసే గార్డులందరూ సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఫోటోకి నిలబడ్డ స్కూలు పిల్లల్లా వరుసలో నిలబడి ఉన్నారు.

పిడి మీద వేలు పెడితే ముద్ర గుర్తుపట్టి, తన మనిషే అయితేనే తాళం తీసుకుని పేలే తుపాకీ అది. దొంగ లాక్కున్నా వాడి చేతిలో పేలదు.

అంత నాజూకు సరుకుకి మురికి అంటకూడదని సబ్బు తెప్పించింది యజమానే. తుపాకుల గురించి ఆయనకి తెలిసిందల్లా వాటిని పట్టుకుని ఫోటో దిగడం.

అందరూ పేల్చారు. అన్నీ పేలాయి. యజమాని తన తెలివికి తనే చప్పట్లు కొట్టుకున్నాడు.

"జిడ్డు చేత్తో ఒక్కసారి పేల్చి చూడండి," అన్నాడు ముసలాయన. వెలిసిపోయిన చొక్కా, చంకలో గుడ్డసంచి.

"నువ్వెవరు? పాత తుపాకుల బ్రోకరువా?"

"కాదండీ. ఆ తాళం సంగతి నాకు..."

"తెలుసులే. మీ కాలంలో అన్నీ బాగుండేవి, ఇప్పుడే లోకం పాడైపోయింది. అంతేగా?"

గార్డులు నవ్వారు. జీతమిచ్చేవాడు జోకు వేస్తే నవ్వక చస్తారా? వాళ్ళలో ఒకడు ముసలాయనకి తుప్పు తాత అని పేరు కూడా పెట్టేశాడు.

తుప్పు తాతకి కోపం రాలేదు. కొత్తవి మానేయమనడం లేదనీ, వానలు తగ్గేదాకా వ్యానులో పాత డబుల్ బ్యారెల్ తుపాకీ కూడా ఒకటి ఉంచమనీ బతిమాలాడు. దానికి వాన, బురద పట్టవని, ఎవరి వేలని అడగదని, మీట నొక్కితే పేలుతుందని చెప్పాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పాత తుపాకులన్నీ అప్పటికే గోనెసంచుల్లో మూటకట్టి ఉన్నాయి, ముక్కలు చేయించడానికి.

గార్డులందరిలోకీ పెద్దవాడు యజమానికి స్వయానా బావ, అక్క మొగుడు. ఆయన పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"పెద్దాయన చెప్పినట్టు ఒక్కసారి చూస్తే పోయేదేముంది?"

"బావా, అక్క మొహం చూసి నీకు ఉద్యోగం ఇచ్చాను. సలహాల కోసం కాదు."

ఆ మాట అందరికీ వినపడేలా అన్నాడు. బావ తల దించుకుని వరుసలోకి వెళ్ళిపోయాడు.

"నేనెవరో ఒక్క నిమిషం చెప్పనివ్వండి," అన్నాడు ముసలాయన.

"ఎవరైతే నాకేం? గేటు బయట చెప్పుకో."

వాచ్‌మన్ మోచెయ్యి పట్టుకుని ముసలాయన్ని బయటికి నడిపించాడు.

వానలు మొదలయ్యాయి.

ఒక మధ్యాహ్నం జోరువానలో బావ ఎక్కిన వ్యాను టైరు పంక్చరైంది. డ్రైవరు ఒక్కడివల్ల కాక ఆయనా దిగి చెయ్యి వేశాడు. చక్రం బిగించేసరికి రెండు చేతులూ గ్రీజూ బురదా.

అప్పుడే ఇనపరాడ్లతో ముగ్గురు వచ్చారు.

బావ తుపాకీ ఎత్తి వేలు పెట్టాడు. పిడి మీద ఎర్రదీపం వెలిగింది. వేలు చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్రదీపమే. చొక్కా మాత్రం పొడిగా ఉందా ఏమిటి?

మూడోసారి తుడుచుకునే లోపల తలమీద దెబ్బ పడింది.

దొంగ చేతిలో పేలదన్న తుపాకీ కాపలావాడి చేతిలోనూ పేలలేదు. ఆస్పత్రికి చేరేలోపే ఆయన ప్రాణం పోయింది.

కబురు తెలిసి వచ్చిన తమ్ముణ్ణి చూసి అక్క ఏడవలేదు.

"వ్యానులో ఒక సబ్బుబిళ్ళ కూడా పెట్టాల్సిందిరా," అంది.

దాంతో యజమానికి పిచ్చెక్కింది. తప్పు తనదని ఒప్పుకునే పిచ్చి కాదు, ఇంకెవరి నెత్తినైనా రుద్దాలన్న పిచ్చి. దినాలు కాగానే తుపాకుల కంపెనీకి వెళ్ళి, ముందుగదిలో కూర్చున్న ఆవిడ ముందున్న బల్లని దబదబా బాదాడు.

"ఆ వేలిముద్ర తాళం తయారుచేసిన వెధవ ఎవడో పిలువు. మా అక్క పసుపుకుంకాలు తుడిచేశాడు. కోర్టుకీడుస్తాను వాణ్ణి."

ఆమె నడివయసు దాటిన మనిషి.

"ఆయన ఇప్పుడిక్కడ లేరండీ," అంది. తడి తగిలినా జిడ్డు అంటినా తాళం తెరుచుకోవడం లేదని ముందు కనిపెట్టింది కూడా ఆయనేనట. సరిచేసేదాకా అమ్మొద్దని పైవాళ్ళతో పోట్లాడారట. వాళ్ళు వినకపోతే, తన చేత్తో చేసిన దానికి ఎవరూ చావకూడదని, అమ్మిన చోటికల్లా తనే వెళ్ళి చెప్తానని ఉద్యోగం వదిలేశారట.

యజమానికి పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరికినట్టయింది.

"అంత మంచివాడైతే మరి నాకెందుకు చెప్పలేదు? నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

ఆమె ఆయన వైపు జాలిగా చూసింది.

"వచ్చారండీ. ఉద్యోగం మానేసిన మర్నాడే, మొట్టమొదట మీ గేటు దగ్గరికే వచ్చారు."