చావు కబురు

మా పాస్టరుగారికి పరలోకంలో సందుసందూ తెలుసు. భూమ్మీద మాత్రం, చావు కబురొస్తే తప్ప, ఎవరింటి మెట్లూ ఎక్కిన పాపాన పోలేదు.

"ఒరేయ్, నేను పోతున్నాన్రా" అని ఆయన మేనత్త ఫోన్ చేసేసరికి, బైబిలు చంకన పెట్టుకుని పరుగెత్తారు.

తలుపు తీసింది మేనత్తే. కొంగు నడుముకి బిగించి, ఉతికిన దుప్పటి భుజాన వేసుకుని ఉంది.

"పోతున్నానన్నావు కదత్తా?"

"దానికింకా టైముందిలే. పక్కింటాయనకి పక్షవాతం కదా, పొద్దుట్నించీ తడిసిన పక్కలోనే ఉన్నాడు. లేపడం నా ఒక్కదాని వల్ల కాదు."

"ఆ మాటే చెప్తే రానా?"

"మొన్న చెప్పింది అదేరా. ప్రార్థన చేస్తానని ఫోన్ పెట్టేశావు. ఆ బైబిలు అక్కడ పెట్టి, రెండు చేతులూ పట్టుకురా."