గోనెపట్టా మీది ముసలాయన

"ఆ ముసలాయన్ని కాస్త పక్కకి లేపమ్మా. ఇంకో రెండు బుట్టలు పడతాయి!"

సిద్ధగోరా బజారులో అడవి పుట్టగొడుగులమ్మే ఇంద్రాణికి త్యాగరాజు అడక్కుండా ఇచ్చిన సలహా ఇది.

ఆమె నవ్వుతూ సాల్ ఆకు దొన్నెలో పుట్టగొడుగులు నింపింది.

"మామ లేస్తే బుట్ట కదలదు బాబూజీ," అంది. ఇక్కడి తెలుగువాళ్లకి అమ్మీ అమ్మీ ఆమెకి వచ్చీరాని తెలుగు పట్టుబడింది.

త్యాగరాజుది విజయనగరంలో చింతపండు టోకు వ్యాపారం. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి కొట్టుకి తాళం వేశాడు. భార్య రుక్మిణినీ, ఎనిమిదేళ్ల కూతురు నందితనీ వెంటబెట్టుకుని, సెలవులు గడపడానికి జంషెడ్‌పూర్‌లో బావమరిది అప్పలరాజు ఇంటికి వచ్చాడు.

వచ్చిన మర్నాటికే అతనికి అరికాళ్లు దురద పెట్టాయి.

డిమ్నా సరస్సు చూపిస్తే పది నిమిషాల్లో లేచాడు. పార్కుకి తీసుకెళ్తే గేటు దగ్గరే జామకాయలవాడితో బేరంలో పడ్డాడు. చివరికి సంచీ పట్టుకుని, నందిత చెయ్యి పట్టుకుని, పొద్దున్నే బజార్ల మీద పడ్డాడు. ఒకరోజు జుగ్సలాయి, ఒకరోజు సీతారామ్‌డేరా.

"సెలవుకొచ్చినావా, సరుక్కొచ్చినావా బావా?" అన్నాడు అప్పలరాజు.

"కూకుంటే నాకు జొరమొత్తాదిరా!"

ఎక్కడ తిరిగినా ఇంటికెళ్లే ముందు ఇంద్రాణి బుట్ట దగ్గర ఆగాల్సిందే. అన్నం కెలికి వదిలేసే నందిత, ఆ పుట్టగొడుగుల కూర ఉంటే కంచం నాకేస్తోంది.

ముసలాయన మాత్రం త్యాగరాజు కంట్లో నలుసైపోయాడు.

తూకం వెయ్యడు. కేక వెయ్యడు. మోకాళ్లు ముడుచుకుని, గోనెపట్టా మీద అలా కూర్చునే ఉంటాడు. వచ్చినవాళ్లంతా ముందు ఆయనకేసే చూస్తారు.

"కాకా, బాగున్నావా?"

ఆయన బోసినోటితో నవ్వుతాడు. అప్పుడు బుట్ట మీదికి వంగుతారు.

నిలబడ్డ ఎద్దుకీ మేత దండగేనని నమ్మే మనిషి త్యాగరాజు. ఒకరోజు ఉండబట్టలేక ఆయన్నే అడిగేశాడు.

"ఏటి తాతా, తిండి దండగ తప్ప నీ వల్ల ఏటి పని?"

ఇంద్రాణి మొహం చిన్నబోయింది. ఆ మాట హిందీలోకి మార్చి చెప్పింది.

ముసలాయన పకపకా నవ్వాడు. ఏదో అన్నాడు.

"తినడమే నా పని, అంటున్నాడు."

త్యాగరాజు కూడా నవ్వేశాడు.

తిరుగు ప్రయాణానికి రెండు రోజులుంది. వెళ్లేముందు అప్పలరాజు వీధిలోవాళ్లకి భోజనం పెట్టాలనుకున్నాడు త్యాగరాజు. పాతికమంది. విజయనగరం చెయ్యి ఎంత పెద్దదో వీళ్లకి తెలియాలి.

"రేపు రెండు బుట్టలు నిండుగా కావాలి. నాకే."

"మా గట్టు మీద అన్ని దొరకవు, బాబూజీ."

"పక్క గట్టు లేదేటి? ఎక్కడివైతే ఏటి, పుట్టగొడుగు పుట్టగొడుగే కదా!"

"అటు ఎప్పుడూ ఏరలేదు."

"అయితే రేపటికి నేర్చుకో."

ఇంద్రాణి ముసలాయన వైపు తిరిగి ఆ మాట హిందీలో చెప్పింది. ఆయన కాసేపు నందితని చూశాడు. తర్వాత తలూపాడు.

మర్నాడు రుక్మిణి మసాలా నూరుతుండగానే త్యాగరాజు పెద్ద సంచీతో బయల్దేరాడు.

ఇంద్రాణి ముందు రెండు బుట్టలున్నాయి. ఆకులు కప్పి ఉన్నాయి. పక్కన గోనెపట్టా ఖాళీగా ఉంది.

వచ్చినవాళ్లు పట్టా వైపు చూస్తున్నారు. ఆమెతో ఒక మాట మాట్లాడుతున్నారు. తల వంచుకుని వెళ్లిపోతున్నారు.

త్యాగరాజుకి సంతోషమేసింది. పోటీ లేదు.

"తాత ఏడీ నాన్నా?" అంది నందిత.

"ఇన్నాళ్లకి లేచాడమ్మా. ఊఁ, తియ్యమ్మా బుట్టలు!"

"ఇవ్వను, బాబూజీ."

"ఇంటికాడ పొయ్యి వెలిగించేసినారు. ధర చాల్లేదా? ఎంత కావాలో చెప్పు."

"ధర కాదు. మీకోసం ఏరినవే. కానీ ఇవ్వను."

త్యాగరాజు బుట్ట అంచు పట్టుకున్నాడు. ఆమె లాక్కుంది. లేచి, రెండు బుట్టలూ మురిక్కాలవలో బోర్లించింది.

"మతి పోయిందేటి! అమ్మనిదానికి బజారుకెందుకొచ్చినావు?"

"ఇవి చూపించి చెప్పడానికి. ఆ పక్క గట్టువి ఇంకెవరైనా తెచ్చుంటే కొనొద్దని అందరికీ చెప్పి పోదామని." ఆమె వంగి గోనెపట్టా చుట్టసాగింది. "త్వరగా పోవాలి. ఇంటి దగ్గర మామ శవం ఉంది."

త్యాగరాజు చేతిలో సంచీ జారింది.

"నిన్న నవ్వుతూ కూకున్నాడు కదమ్మా... ఏటయింది?"

"ఏరినరోజు సాయంత్రం బుట్టలోంచి ఇంత తీసి వండుతాను. మామ ఒక్కడే తింటాడు. ఇంట్లో పిల్లలున్నారు, నేనైతే ముసలాణ్ణి అని ఆయనే పెట్టుకున్న పద్ధతి. తెల్లారి ఆయన బాగుండి, ఇక్కడికొచ్చి కూర్చుంటేనే అమ్ముతాను. అందుకే జనం ముందు ఆయన్ని చూస్తారు."

పట్టా చంకలో పెట్టుకుని ఆమె వెళ్లిపోయింది.

"నాన్నా, పోదాం," నందిత చెయ్యి పట్టి లాగింది.

ఈ ఊరొచ్చాక మొదటిసారి త్యాగరాజుకి కాళ్లు కదల్లేదు.

పన్నెండు రోజులుగా తన కూతురు తిన్న ప్రతి ముద్దకీ ముందు ముద్ద తిన్నది, తాను తిండి దండగన్న ఆ ముసలాయనే.