సంయుక్త బిగించిన కంప్యూటర్

ప్రాసెసర్‌ను వేళ్ళ కొసలతో పట్టుకుని సంయుక్త ఒక్క క్షణం ఆగింది.

కింద సాకెట్‌లో వెంట్రుకల్లాంటి పిన్నులు. ఒక్కటి వంగినా మదర్‌బోర్డు పోతుంది. బోర్డు పోతే ఉద్యోగం పోతుంది.

అశోక్‌నగర్‌లోని ఆ చిన్న ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్ళే. సంయుక్త ఇంటి నుంచే ఒక కంపెనీ కస్టమర్ల ఫోన్లకు జవాబు చెబుతుంది. సోమవారం నుంచి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్లే పనిచేస్తాయని కంపెనీ చెప్పేసింది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో అది ఎక్కదు. అందుకే కొత్త భాగాలు తెప్పించుకుంది. ఇవాళ ఆదివారం.

“నారాయణగూడల షాపుకిస్తే వాళ్ళే బిగిస్తరు గదనే. ఎందుకీ పరేషాన్?” అంది తల్లి విద్యావతి.

“ఇయ్యనమ్మా. పోయినసారి నేనడిగితే ఆ షాపాయన నీకు జవాబు చెప్పిండు. నేనక్కడ లేనే లేనన్నట్టు.”

విద్యావతి వంటింట్లోకి వెళ్ళింది.

ప్రాసెసర్ మూలనున్న గుర్తును గోటితో తడిమింది సంయుక్త. సాకెట్‌లో ఆనించి లీవర్ నొక్కింది. కర్రుమంది. లీవర్ అలాగే చప్పుడు చేస్తుందని ముందే తెలుసు. అయినా నమ్మకం కుదరలేదు.

ర్యామ్ బిగించింది. వైర్లు, స్పీకర్ కలిపింది. కొత్త సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి స్విచ్ వేసింది. ఫ్యాన్ తిరిగింది.

అంతలో మాడు వాసన!

ఒక్క ఉదుటున ప్లగ్ లాగేసింది. “అమ్మా, బోర్డు కాలిపోయిందే!”

“నీ బోర్డు కాదే తల్లీ, నా పోపు మాడింది,” వంటింట్లోంచి అరిచింది విద్యావతి.

మళ్ళీ స్విచ్ వేయాలంటే ధైర్యం చాల్లేదు. వైర్లన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా తడిమి చూసింది. చివరికి వేసింది. ఫ్యాన్ తిరిగింది, అంతే. కీబోర్డు మీటలు నొక్కింది. స్పీకర్ పలకలేదు. మళ్ళీ నొక్కింది. చెమటకు వేళ్ళు జారుతున్నాయి.

“ఏమన్న వచ్చిందా?” గుమ్మంలోంచి అడిగింది తల్లి.

“రాలే.” మళ్ళీ మీటలు నొక్కింది. “రేపు నన్ను తీసేస్తరమ్మా.”

అప్పుడు స్పీకర్‌లోంచి ఒక ఆడగొంతు పలికింది, భాష ఎంచుకోమని.

సంయుక్త బల్ల మీద తల వాల్చేసింది.

“వచ్చిందా? ఏదీ, నన్ను జర చూడనీ,” విద్యావతి తడుముకుంటూ లోపలికి వచ్చింది. “చీకటైంది, నాకేం కనవడ్తలేదు. లైటెయ్యనా?”

“నీకు కావాలంటే వేసుకో అమ్మా,” అంది పుట్టినప్పటి నుంచీ చూపు లేని సంయుక్త.