పదిహేడో షరతు

కారు బుస్సుమంది. రెండుసార్లు దగ్గింది. రోడ్డు పక్కకు ఒరిగి ఆగిపోయింది.

దర్జీ దిగి బానెట్ ఎత్తాడు. పొగ ముఖాన కొట్టింది.

అతని మెడలో కొలతల టేపు అలాగే ఉంది. తెల్లవారకుండానే కూతురితో బయలుదేరిన హడావుడిలో దాన్ని తీయడం మరిచాడు.

"ఏం పోయిందో టేపు పెట్టి చూడరాదూ నాన్నా," అంది కూతురు. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

ఆమె ఒడిలో సర్టిఫికెట్ల ఫైలు ఉంది. సాయంత్రం ఐదులోగా నర్సింగ్ కళాశాలలో స్వయంగా చూపించాలి. ఐదు దాటితే ఆ సీటు జాబితాలోని తరువాతి పేరుకు వెళ్లిపోతుంది.

దారి ఇంకా తొంభై కిలోమీటర్లుంది. సమయం రెండు.

"దిగులుపడకు తల్లీ. ఇందుకే కదా బీమా చేయించాను," అంటూ దర్జీ జేబులోంచి కార్డు తీశాడు.

దూరప్రయాణంలో కారు మొరాయిస్తే ఆదుకునే బీమా అది. పోయిన వారమే తీసుకున్నాడు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివారికీ ఆ కార్డు చూపించాడు కూడా.

ఫోనులో ఒక ఆడగొంతు తీయగా పలికింది.

"మా బండి నాలుగింటికి వస్తుంది సార్. మీ కారును షెడ్డుకు లాక్కెళ్తుంది. అప్పటిదాకా వేచి ఉండండి."

"మా అమ్మాయి ఐదింటికల్లా కాలేజీలో ఉండాలమ్మా. ఇంకేదైనా దారి ఉంటే..."

"వేచి ఉండండి సార్."

చెయ్యెత్తితే బస్సులు ఆగలేదు. లారీలు హారను కొట్టి మరీ పోయాయి.

అప్పుడు వచ్చాడు ఆ ముసలాయన, పాత మోపెడ్ మీద. వెనక కట్టిన నల్ల గొడుగు తీసి, విప్పి, అడగకుండానే అమ్మాయి చేతికిచ్చాడు.

"బీమా ఉందా బాబూ?"

"ఉంది," అంటూ దర్జీ కార్డు చూపించాడు.

"కార్డు వెనక చదివారా?"

దర్జీ కార్డు వెనక్కి తిప్పాడు.

"పదిహేడో షరతు చూడండి. రెండు గంటల్లో కారు బాగుకాకపోతే, మిమ్మల్ని చేరవలసిన చోటికి చేర్చే బాధ్యత వాళ్లదే. కానీ నంబరు చెప్పి అడగాలి. అడగనివాళ్లకు చెప్పరు."

దర్జీ ఆయనను ఎగాదిగా చూశాడు. ఆగిన కార్ల చుట్టూ తిరిగే బేరగాళ్ల గురించి చాలానే విని ఉన్నాడు.

"ఇందులో నీ కమిషన్ ఎంత పెద్దాయనా?"

"ఒకప్పుడు నెలనెలా వచ్చేది బాబూ. ఇప్పుడు లేదు."

"అనుకున్నాలే. మా సంగతి మేం చూసుకుంటాం. నువ్వు వెళ్లు."

ముసలాయన కాస్త దూరం జరిగాడు. మైలురాయి మీద కూర్చున్నాడు. వెళ్లలేదు.

కార్డు వెనక అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. సూదిలో దారం ఒక్క పోటుకే ఎక్కించే దర్జీ కళ్లకు అవి అందలేదు. కూతురు కార్డు లాక్కుని వేలితో ఒక్కొక్క వరుసా దిగింది. పదిహేడు దగ్గర వేలు ఆగింది.

"నాన్నా, ఉంది. ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది."

దర్జీ మళ్లీ ఫోను కలిపాడు.

"పదిహేడో షరతు కింద అడుగుతున్నానమ్మా."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"గంటలోపు ట్యాక్సీ వస్తుంది సార్. కారు సంగతి మేం చూసుకుంటాం."

అది చెవిన పడినట్టుంది, ముసలాయన మైలురాయి మీద నుంచి లేచాడు.

"తాతగారూ, గొడుగు," అంది కూతురు.

"ట్యాక్సీ వచ్చేదాకా ఎండ ఉంటుందమ్మా."

మోపెడ్ టపటపలాడుతూ వెళ్లిపోయింది. దర్జీ అటు చూడనైనా లేదు.

ఐదుకు పావుగంట ముందు కళాశాల గుమ్మం ఎక్కారు. సీటు ఖాయమైంది. ఆఖరి సంతకం పెట్టి బయటికి వచ్చాక, కూతురు తండ్రి మెడలోని టేపు తీసి, చుట్టి, ఆయన జేబులో పెట్టింది.

మర్నాడు ఉదయం షెడ్డులో కారు సిద్ధంగా ఉంది.

దర్జీ గొడుగు చూపించాడు. "ఇది ఇచ్చేయాలి. నిన్న దారిలో మోపెడ్ మీద వచ్చి ఇచ్చిన పెద్దాయన ఎక్కడుంటారు?"

"గొడుగు పట్టుకొచ్చినవాళ్లలో మీరు నాలుగోవారు," అని నవ్వాడు మెకానిక్. "పేరు చెప్పరు, ఊరు చెప్పరు. ఎవరైనా దండం పెట్టబోతే మాత్రం మోపెడ్ ఎక్కి పారిపోతారు."

"అదేం?"

మెకానిక్ చేతులు తుడుచుకుని, తనకు తెలిసిందంతా చెప్పాడు.

దర్జీ గొడుగును జాగ్రత్తగా ముడిచి కారు వెనక సీటు మీద పెట్టాడు.

తిరుగుదారిలో మరొక కారు ఎండలో ఆగి ఉంది. బానెట్ లేచి ఉంది. చంకలో పసిబిడ్డతో ఒకామె ఫోనులో బతిమాలుతోంది. చేతిలో అదే కార్డు.

"వేచి ఉండమంటే ఎంతసేపండీ? పిల్లకు జ్వరం అంటున్నానా..."

దర్జీ కారు ఆపాడు. గొడుగు విప్పి, అడగకుండానే ఆమె చేతికిచ్చాడు.

"ఫోను పెట్టెయ్యకమ్మా. పదిహేడో షరతు కింద అడుగుతున్నాను అను."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. అయినా అంది. అవతలివాళ్లు చెప్పింది విని, బిడ్డను గుండెకు హత్తుకుంది. ఆ తర్వాత అనుమానం వచ్చింది.

"ఇందులో మీకేమైనా కమిషన్ ఉందా అండీ?"

కారులో కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"లేదమ్మా. నేను బట్టలు కుట్టుకునేవాణ్ణి."

"మరి మీకెవరు చెప్పారు?"

దర్జీ ఆమె చేతిలోని గొడుగు వైపు చూశాడు.

"ఇరవై ఆరేళ్లు ఆ బీమా ఆఫీసు ఫోను దగ్గరే కూర్చుని, మనలాంటివాళ్లందరికీ 'వేచి ఉండండి' అని మాత్రమే చెప్పినాయన."